బాతులున్న పెరట్లో చమురు పొయ్యకు

అమ్మలూ,

పెందుర్తి ఇంటి పెరట్లో నువ్వు బాతుల్ని పెంచుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మీ నాన్నకి కోడిపిల్లని పట్టుకోవాలన్నా భయం, ఆయన కూతురు బాతుల్ని సాకుతోంది. తాతయ్య ఉంటే వీధంతా చెప్పుకునేవారు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. దోమలు, కుట్టే ఈగలు ఎక్కువయ్యాయని అల్లుడుగారు ఎవరి దగ్గరో పొలాల్లో కొట్టే మందు తెప్పిస్తున్నారట. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఆ మందు సంగతి. వచ్చేసి ఉంటే మూత తియ్యకుండా తిరిగి ఇచ్చెయ్యండి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి చేలో పురుగుల కోసం. పక్షులకి అవి కొంచెం తగిలినా చాలు, ప్రాణం మీదకి వస్తుంది. కార్బోఫ్యురాన్ గుళికలైతే మరీ ఘోరం, గింజలనుకుని ఏరుకు తినేస్తాయి. పైగా ఇలాంటి మందుల్ని ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇచ్చే మహానుభావులుంటారు. మీ బుజ్జిగాడు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు, కంటికి కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ సీసా మీ గుమ్మం దాటి లోపలికి వస్తే నాకు నిద్ర పట్టదు. నేను ఛాదస్తురాలినే అనుకో, పరవాలేదు.

"బాతులే దోమల్ని తినేస్తాయి కదా అమ్మా" అని మీ అమ్మతో అన్నావట. సగం నిజం. ముక్కు అందిన చోట నీళ్లలో పురుగుల్ని తింటాయి. కానీ పూలకుండీ కింద పళ్లెంలోకి, పాత టైరులోకి, కొబ్బరి చిప్పలోకి, ఫ్రిజ్ వెనక ట్రేలోకి బాతు ముక్కు దూరుతుందా? డెంగ్యూ తెచ్చే చారల దోమ గుడ్లు పెట్టేది అక్కడే. అది పగలు కుడుతుంది, పెద్దగా మురికి లేని నీళ్లు చాలు దానికి. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి, ఏ శుక్రవారమో పెట్టుకుని, నీళ్లు నిలిచేవన్నీ వంచెయ్యి. వంచితే సరిపోదు, పీచుతో అంచులు రుద్దాలి. గుడ్లు నీటి గీతకి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే చాలు పిల్లలవుతాయి.

నుయ్యికీ, మేడ మీద ట్యాంకుకీ మూత ఉందా? పట్నాల్లో మలేరియా దోమకి అవే పుట్టిళ్లు. మున్సిపాలిటీ మలేరియా విభాగం వాళ్లని అడిగితే నూతిలో వదలడానికి గంబూసియా చేపల సంగతి చెప్తారు. అవి దోమ పిల్లల్ని తింటాయి. బాతుల తొట్టిలో మాత్రం వదలకు, బాతులు చేపల్నే తినేస్తాయి.

బాతుల తొట్టి రోజూ మార్చు. బాతుకి తల మునిగేంత నీళ్లుండాలి, కళ్లూ ముక్కూ కడుక్కోవాలి దానికి. తొట్టిని కాస్త ఎత్తు మీద పెట్టి చుట్టూ పిక్కరాయి పరువు. లేకపోతే అవి చిమ్మిన నీళ్లతో చుట్టూ బురద గుంట తయారవుతుంది. పాత నీళ్లు అరటికీ కొబ్బరికీ పొయ్యి. రోజూ ఒకే మొదట్లో కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. నువ్వు పుట్టకముందు గోపాలపట్నం ఇంట్లో నూతి పక్కన ఓ గుంట ఉండేది. బట్టలుతికిన నీళ్లూ, గిన్నెలు తోమిన నీళ్లూ అందులోకే. సాయంత్రమైతే దోమలు ముసిరేవి. తాతయ్య ఎవరో మెకానిక్ దగ్గర్నుంచి డబ్బాడు కాలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి ఆ గుంటలో పోశారు. తెలియక చేసిన పని కాదు, ఆ రోజుల్లో అందరూ చేసేదే. కిరసనాయిలో, వాడేసిన చమురో పొయ్యమని మందు కొట్టేవాళ్లే చెప్పేవారు. తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు కూడా. దోమ పురుగులు తలకిందులుగా, తోక చివరి గొట్టం నీటి పైకి ఆనించి ఊపిరి తీసుకుంటాయి. మన నీడ పడితే గిలగిల్లాడుతూ అడుక్కి పోతాయి. చమురు పొర పరుచుకున్నాక పైకొచ్చి, గొట్టం ఆనించడానికి చోటు దొరక్క, మళ్లీ కిందికి, మళ్లీ పైకి. కాసేపటికి కదలడం మానేశాయి. నాన్న ఎంత తెలివైనవారో అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున అమ్మ గూడు తలుపు తీసింది. బాతులు తిన్నగా ఆ గుంటలోకే దిగాయి. ఎవరికీ ఆలోచన రాలేదు చూడు, రోజూ అవి ఈదే చోటే అది!

బాతుకి తోక మొదట్లో చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈక ఈకకీ పట్టించుకుంటుంది, దువ్వుకుంటుంది. అందుకే దాని వీపు మీద నీళ్లు తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతాయి. కాలిన చమురు తగిలేసరికి ఆ అమరికంతా పోయింది. రొమ్ము ఈకలు పాయలు పాయలుగా అతుక్కుని మధ్యలో గులాబీ రంగు చర్మం కనబడింది. మామూలుగా పడవలా తేలేవి, ఆ రోజు వీపు దాకా మునిగిపోయి, గట్టెక్కి వణుకుతూ నిలబడ్డాయి. అంతకన్నా ఘోరం, అవి ఊరుకోవు. ఈకలు శుభ్రం చేసుకుందామని అదే పనిగా ముక్కుతో దువ్వుకుంటూ ఆ చమురంతా మింగాయి. అమ్మ కుంకుడుకాయ రసం, గోరువెచ్చని నీళ్లతో ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని కడిగింది. రాత్రి పొయ్యి పక్కన బుట్టల్లో గోనెసంచి కప్పి పడుకోబెట్టాం. అయినా రెండు పోయాయి. బతికినవాటిని చాలా రోజులు నీళ్లలోకి దిగనివ్వలేదు, మళ్లీ ఈకలు అమరేదాకా.

తాతయ్య ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ వారంలోనే గుంటలో నల్లటి బురదంతా పారతో తోడించి, రాళ్లూ గ్రావెలూ పోయించి పూడ్పించారు. నీళ్లు పారే దారి మార్చి చివర అరటి పిలకలు పాతారు. మాకు దోమలు తగ్గింది అప్పుడు. చమురు వల్ల కాదు.

ఈ మధ్య వేపనూనె మంచిది, సహజం అని అందరూ చెప్తున్నారు. మంచిదే, కానీ బాతు ఈకల మీద ఏ నూనైనా నూనే. పుయ్యొద్దు. నీళ్లు తియ్యడానికి వీల్లేని చోట బీటీఐ అనే మందు వాడు. మట్టిలో ఉండే బ్యాక్టీరియాతో తయారుచేస్తారు. దోమ పిల్లలు మింగితే వాటి పేగులు దెబ్బతిని చస్తాయి, బాతులకీ చేపలకీ ఏమీ కాదు. డబ్బా మీద రాసిన మోతాదు దాటకు.

ఫాగింగ్ బండి వస్తే బాతుల్ని గదిలోకి తోలి, దాణా మూసెయ్యి. పొగ పోయాక తొట్టి కడిగి నీళ్లు మార్చి వదులు. ఆ పొగ అప్పుడు ఎగురుతున్న దోమల్ని చంపుతుందేగానీ నీళ్లలో ఉన్నవాటిని ఏమీ చెయ్యదు, దాన్ని నమ్ముకుని కూర్చోకు. గూట్లో దోమల బిళ్ల వెలిగించకు, సాంబ్రాణి పొగా వద్దు. పక్షుల ఊపిరితిత్తులు మనకన్నా సున్నితం. గూటికి ఇనప జాలీ కొట్టించి (పెందుర్తి వైపు ముంగిసలూ కుక్కలూ తక్కువేం కాదు) దాని మీద పాత దోమతెర కట్టు. సాయంత్రం మీరు పెరట్లో కూర్చునేటప్పుడు ఫ్యాన్ పెట్టుకోండి. దోమ గాలికి ఎదురు ఎగరలేదు. చేతులకి దోమల క్రీము రాసుకుంటే కడుక్కున్నాకే బాతుల్ని ముట్టుకో, అవి వేళ్లు కొరుకుతాయి కదా.

పగలు కాళ్ల మీద కుడుతున్న ఈగలు బహుశా తడి గడ్డిలో పుట్టేవి. గూట్లో వరిగడ్డి, ఊక తడిసి పెంటతో కుళ్లితే అక్కడే పెరుగుతాయి. తడిసింది తడిసినట్టు తీసేసి పొడిది వెయ్యి. పెరట్లో ఎలకో పందికొక్కో చచ్చి పడి ఉంటే వెంటనే పాతెయ్యి. దాని మీద పట్టిన పురుగుల్ని తిన్న బాతుకి మెడ నిలవదు, వాలిపోతుంది. అలా కనబడితే గంట కూడా ఆగకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు.

మన విశాఖలో అక్టోబర్ వానలే ఎక్కువ, గుర్తుంచుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కరెంటు లేని చీకట్లో మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది దోమలే. విరిగిన పెంకుల్లో, పడిపోయిన కొబ్బరి మట్టల మధ్య, టార్పాలిన్ మడతల్లో ఎక్కడ చూసినా నీళ్లే. పెద్ద వాన వెలిసిన మర్నాడు శుక్రవారం దాకా ఆగకుండా ఓసారి పెరడంతా తిరిగి రా.

వచ్చే ఆదివారం నేనూ మీ మావయ్యా వస్తున్నాం. ఆ మందు సీసా ఇచ్చేశారో లేదో ముందు అదే అడుగుతాను. బాతు గుడ్లుంటే మీ మావయ్య కోసం నాలుగు పక్కన పెట్టు, ఉల్లిపాయ వేసి అట్టు కావాలని ఇప్పట్నుంచే అంటున్నారు.

మీ అత్త