గుడ్డు మానేశాం, కొలెస్ట్రాల్ తగ్గలేదెందుకు?

ప్రశ్న: మేడమ్, మా వారికి 47 ఏళ్లు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతారు. మూడు నెలల కిందట పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 166 వచ్చింది. అప్పట్నుంచి గుడ్డు, నెయ్యి, రొయ్యలు పూర్తిగా మానేశాం. మొన్న మళ్లీ చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 248, ఎల్‌డీఎల్ 168, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) 230. మేం వాడే పామాయిల్ ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ అనే ఉంది. డాక్టరు గారు మాత్ర మొదలుపెడదామంటే ఈయన ‘ఇంకో మూడు నెలలు తిండితోనే చూస్తా’ అంటున్నారు. మా మామయ్య గారు 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ముగ్గురం. రోజూ ఆయన తినేవన్నీ రాసి పంపుతున్నాను.
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: మానేసిన మూడింటినీ పైన రాసి గీత కొట్టారు. నాకు పనికొచ్చింది ఆ గీత కింద రాసిన జాబితా. గుడ్డు పోయాక నాలుగు ఇడ్లీలు ఆరయ్యాయి. నెయ్యి బదులు కారప్పొడిలోకి నూనె వచ్చింది. సాయంత్రం ఆకలేస్తే షాపు పక్క బండి మీద పునుగులు, టీలో రస్కులు. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నం, ఏదో ఒక వేపుడు. ట్రైగ్లిజరైడ్లు 230 ఉండటానికి ఈ పిండిపదార్థాలు చాలు. అన్నం, మైదా, చక్కెర అవసరానికి మించితే కాలేయం వాటిని కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మద్యం అలవాటుంటే అదీ తోడవుతుంది. మీరు రాయలేదు, ఆయన్నే అడగండి.

ఇక ఎల్‌డీఎల్ సంగతి. ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే. గుడ్డు సొనలో దాదాపు 190 మిల్లీగ్రాములు ఉంటుంది, నిజమే. కానీ చాలామందిలో ఎల్‌డీఎల్‌ను అంతకన్నా ఎక్కువ పెంచేది సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్నల్లాంటి వాటిలో ఎక్కువగా ఉండే గట్టిపడే కొవ్వు. నెయ్యి తగ్గించి మంచి పనే చేశారు. మరి మీరు జాబితాలో రాసిన నెలకు నాలుగు లీటర్ల పామాయిల్ మాటేమిటి? అందులో సుమారు సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అయితే ఐదో వంతుకు మించదు. ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ అన్న ముద్ర చూసి మోసపోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉన్నట్టు లెక్కకు రాదు. లేనిదాన్ని లేదని రాయడం గొప్పేమీ కాదు. (మీ పక్కనే పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, చుట్టూ తోటలున్నాయి. రైతుల మీద నాకేం కోపం లేదు, నా గొడవంతా మీ మూకుడుతోనే.)

ముగ్గురికి నాలుగు లీటర్లంటే మనిషికి రోజుకు 40 గ్రాములు. బండి మీద పునుగుల నూనె దీనికి అదనం. వచ్చే నెల సరుకుల్లో రెండున్నర లీటర్లే తెప్పించండి. వేరుశనగ నూనె కొంత, నువ్వుల నూనె కొంత. అది నెలాఖరు దాకా రావాలి, మధ్యలో ఇంకో ప్యాకెట్ తేవద్దు. పోపుకి చెంచాతో కొలిచి వేయండి. దొండకాయ, బెండకాయ ముందు కాస్త ఉడికించి, తర్వాత పోపులో వేయండి. కరకరలాడవు, ఆయన గొణుగుతారు. గొణగనివ్వండి.

పళ్లెంలో అన్నం ఇప్పుడు పెట్టుకునేదాంట్లో సగానికి దించి, ఆ చోటు ముద్దపప్పు, గోరుచిక్కుడు, బెండకాయ, తోటకూరతో నింపండి. పప్పుధాన్యాల్లో, ఈ కూరల్లో కరిగే పీచు ఉంటుంది. కాలేయం పిత్తరసం కోసం కొలెస్ట్రాల్‌ను వాడుతుంది కదా, ఈ పీచు పేగుల్లో ఆ పిత్తాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పిత్తం చేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. పొద్దున ఆరు ఇడ్లీల బదులు పొట్టు పెసలతో రెండు పెసరట్లు ఇంట్లోనే వేయండి. లోపల ఉప్మా వద్దు. సాయంత్రానికి షాపుకి ఉడికించిన శనగలో అలసందలో డబ్బాలో పెట్టి పంపండి. ఆకలి తీరకపోతే పునుగుల బండి ఎలాగూ పిలుస్తుంది. జొన్నరొట్టె మంచిదే గానీ, అన్నం తిన్నాక పైన రెండు రొట్టెలు తింటే లాభం లేదు.

వారానికి నాలుగు గుడ్లు తిరిగి మొదలుపెట్టవచ్చు, ఉడికించి. రొయ్యలూ అప్పుడప్పుడు పరవాలేదు, వేపుడు కాకుండా ఇగురు చేసుకోండి. వారంలో రెండు రోజులు కానాగంతలో కవళ్లో పులుసు పెట్టండి. వాటి కొవ్వు ట్రైగ్లిజరైడ్లకు మంచిది. భోంచేశాక షాపులో కూర్చునే ముందు ఒక పావుగంట నడవమనండి.

మాత్ర విషయంలో మాత్రం నేను డాక్టరు గారి పక్షమే. తిండి ఎంత సరిదిద్దినా ఎల్‌డీఎల్ మామూలుగా పది పదిహేను శాతం తగ్గుతుంది. 168లో అదెంత? పైగా తండ్రికి 55 లోపే గుండెపోటు వచ్చిందంటే కొడుకుకు ముప్పు ఎక్కువన్నట్టే. కాబట్టి మాత్రా, తిండీ రెండూ కలిసి నడవాలి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా చేయించమని అడగండి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. రెండు మూడు నెలలయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించి, ఆ నెలల నూనె లెక్క కూడా రాసి పంపండి.

ప్రశ్న: వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, వెనిగర్ కాచి పరగడుపున తాగితే గుండెలో బ్లాకులు కరుగుతాయని వాట్సాప్‌లో వచ్చింది. నాన్నకు నిరుడు స్టెంట్ వేశారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. ఏళ్ల తరబడి పేరుకున్న బ్లాకును కరిగించే కషాయం లేదు. పుల్లటిది పరగడుపున తాగితే కడుపులో మంట. వెల్లుల్లి చారులో, పప్పులో వేసుకోండి, హాయిగా తినవచ్చు. మందులా మోతాదు పెంచితే మాత్రం, స్టెంట్ తర్వాత ఇచ్చే రక్తం పలచబడే మాత్రలతో కలిసి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కషాయం తాగుతున్నాం కదా అని ఆ మాత్రలు ఒక్కపూట కూడా మీ అంతట మీరు ఆపకండి.