రౌటర్‌కు హార్డ్‌డిస్క్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2015 పుష్కరాల వీడియోలు, అమ్మాయి పెళ్లి వీడియోలు అన్నీ 1 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఇంట్లో అందరూ చూసుకోవచ్చని రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టుకు తగిలించాం. టిక్కు టిక్కుమంటోందే తప్ప ఏ ఫోన్లోనూ కనబడదు. అదే పోర్టుకు పెన్‌డ్రైవ్ పెడితే కనబడుతోంది. డిస్క్ పోయినట్టేనాండీ?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ముందు దాన్ని అక్కణ్ణుంచి తీసి కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడ మామూలుగా తెరుచుకుంటే డిస్క్‌కు దోషం లేదు, రౌటర్ ఇచ్చే కరెంటే చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్కప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. డిస్క్ లోపలి పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు క్షణాలూ దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. అంత అందక పళ్లెం ఆగిపోతుంది, మళ్లీ మొదలెడుతుంది. ఆ టిక్కు టిక్కు అదే. పెన్‌డ్రైవ్‌లో తిరిగేదేమీ లేదు కాబట్టి ఉన్నదాంతో సరిపెట్టుకుంటుంది. డిస్క్‌ను అలా కొట్టుకుంటూ ఉండనిస్తే నిజంగానే పాడవుతుంది.

రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే మొత్తం 12 వాట్లే. అందులో ఐదు వాట్లు డిస్కే తినేస్తే వైఫైకి ఏం మిగులుతుంది? అందుకని రౌటర్‌కూ డిస్క్‌కూ మధ్య సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును నాలుగైదు పోర్టులు చేసే చిన్న డబ్బా) పెట్టండి. అడాప్టర్ 5 వోల్టులు, 2 ఆంపియర్లది ఉంటే చాలు. కొన్నాక ఒక పరీక్ష చేయండి: హబ్‌కు కరెంటు ఉంచి, రౌటర్ ప్లగ్ తీసేయండి. అప్పటికీ రౌటర్ లైట్లు మినుకుమంటున్నాయంటే ఆ హబ్ కరెంటును వెనక్కి తోస్తోంది. కొట్టువాడికి తిరిగిచ్చేయండి.

డిస్క్ నిలకడగా తిరుగుతున్నా కనబడకపోతే ఫార్మాట్, అంటే డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి, ఏదో చూడండి. కంప్యూటర్లో డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళితే తెలుస్తుంది. పాత రౌటర్లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. ఫ్యాట్32ను అన్నీ చదువుతాయి కానీ అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు, పెళ్లి వీడియో ఒక్కటే అంతకు మించుతుంది. మీకు తగినది ఎన్‌టీఎఫ్ఎస్. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లోవన్నీ పోతాయి, ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ రెండో కాపీని తరవాత కూడా చెరపకండి.

ఇక రౌటర్ పేజీలో (బ్రౌజర్లో రౌటర్ ఐపీ అడ్రస్ కొడితే వచ్చే సెట్టింగుల పేజీ) యూఎస్‌బీ షేరింగ్ ఆన్ చేసి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. టీవీ కోసం అక్కడే మీడియా సర్వర్ కూడా ఆన్ చేయాలి. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, రౌటర్ ఐపీ అడ్రస్ ఇవ్వండి. అది సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1. జియో ఫైబర్ రౌటరైతే 192.168.29.1. ఆండ్రాయిడ్‌లో వీఎల్‌సీ యాప్ చాలు. ఐఫోన్‌లో ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే 'కనెక్ట్ టు సర్వర్' ఉంది.

ప్రశ్న: రొయ్యల చెరువుల మేత బిల్లులు, లెక్కలు రౌటర్‌కున్న పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం. పాత విండోస్ 7 కంప్యూటర్లో తెరుచుకుంటున్నాయి. కొత్తగా కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ ససేమిరా అంటోంది.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్, రౌటర్ మాట్లాడుకునే భాష పేరు ఎస్ఎంబీ. మీ రౌటర్‌కు అందులో పాతదైన ఎస్ఎంబీ 1 ఒక్కటే వచ్చి ఉండాలి. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత భాషలోని లొసుగు పట్టుకునే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 '1709' వెర్షన్ నుంచి కొత్త కంప్యూటర్లలో దాన్ని పెట్టడం మానేశారు. రౌటర్ కంపెనీ సైటులో కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి, ఎస్ఎంబీ 2 వస్తే బాధ తీరుతుంది. విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1ను మళ్లీ ఆన్ చేసుకునే వీలుంది. యూట్యూబ్‌లో అందరూ చెప్పేదీ అదే. బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ పని చేయకండి, రౌటర్ మార్చుకోవడం మేలు.

తెర మీద 'గెస్ట్ యాక్సెస్' అన్న మాట కనబడితే మాత్రం జబ్బు వేరు. పాస్‌వర్డ్ లేని షేర్లను విండోస్ 11 ప్రో '24హెచ్2' వెర్షన్ తెరవనివ్వదు. రౌటర్లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి, వాటితో లాగిన్ అవండి.

ఎక్సెల్ ఫైళ్ల వరకు పరవాలేదు. ట్యాలీ డేటా మాత్రం రౌటర్ డ్రైవ్‌లో పెట్టకండి. ఎంట్రీ కొడుతుండగా వైఫై ఒక్క క్షణం తెగినా డేటా చెడిపోవచ్చు.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక డిస్క్‌లోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, కొత్తవి ఎక్కడం లేదు. ఇన్వర్టర్ ఉంది.
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: రాస్తుండగా కరెంటు పోతే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ మీద 'సరిగ్గా మూయలేదు' అన్న గుర్తు పడుతుంది. అది చూసి రౌటర్ చదవడం వరకే ఒప్పుకుంటుంది, రాయనివ్వదు. డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి ప్రాపర్టీస్, టూల్స్‌లో ఎర్రర్ చెకింగ్ నడపండి. గుర్తు పోతుంది.

ఇన్వర్టర్ ఉన్నా ఇలా జరిగిందంటే అది అందుకునేలోపు రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతోంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్‌కు స్విచ్ ఉంటుంది, దాన్ని మార్చి చూడండి. కుదరకపోతే రౌటర్‌కు మినీ యూపీఎస్ కొనండి. వోల్టులు రౌటర్ అడాప్టర్ మీద ఉన్నన్నే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువైనా ఇబ్బంది లేదు. డిస్క్‌కు హబ్ ఉంటే దానికీ బ్యాకప్ కావాలి, లేకపోతే రౌటర్ వెలుగుతూ డిస్క్ మాత్రం ఆగిపోతుంది. తుపాను కబురు తెలిస్తే రౌటర్ పేజీలో 'సేఫ్లీ రిమూవ్' నొక్కి డిస్క్ తీసి బీరువాలో పెట్టేయండి. ఉరుములప్పుడు ఫైబర్ తీగలోని గాజు గుండా పిడుగు రాదు కానీ అడాప్టర్ గుండా వస్తుంది. ప్లగ్గులు పీకేయాల్సిందే.

ప్రశ్న: కింద ఫైబర్ బాక్స్, మేడ మీద సొంత రౌటర్, దానికి డిస్క్. మేడ మీద అందరికీ కనబడుతోంది, కింద ఎవరికీ కనబడదు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు నెట్‌వర్కులున్నాయి. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, అప్పుడది సొంత నెట్‌వర్క్ పెట్టకుండా కిందిదాన్నే పంచుతుంది. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీ అడ్రస్‌ను కింది ఫైబర్ బాక్స్ అడ్రస్‌తో ఢీకొనకుండా మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కింది నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్) పోర్టులోంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టండి. కొన్ని మోడళ్లు యాక్సెస్ పాయింట్ మోడ్‌లో యూఎస్‌బీ షేరింగ్ ఆపేస్తాయి, మాన్యువల్ చూసుకోండి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్లకు మామూలుగా డిస్క్ కనబడదు.

ప్రశ్న: 40 జీబీ వీడియోలు వైఫై మీద ఎక్కించడానికి పూట పడుతోంది.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకు 4 ఎంబీ వెళ్తే 40 జీబీకి దాదాపు రెండుమ్ముప్పావు గంటలు. 100 ఎంబీపీఎస్ ల్యాన్ కేబుల్‌తో ఒక గంట. డిస్క్‌ను నేరుగా కంప్యూటర్ యూఎస్‌బీ 3.0 పోర్టుకు పెడితే పది నిమిషాల్లోపే. ఎక్కించేటప్పుడు అలా చేసి, చూసేటప్పుడు రౌటర్‌కు తగిలించండి.