పుట్టి వచ్చిన రక్షణ

సైదాపేట, చెన్నై
డిసెంబరు 6

ప్రియమైన తల్లికి, పెదనాన్న దీవెనలు.

సంఘ పత్రిక క్రిస్మస్ సంచికకని నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. నీ చెయ్యి తిరుగుతోంది. గొల్లలు కంబళ్లు కప్పుకుని మంట చుట్టూ చేరిన చోట నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. దూత నోరు విప్పగానే మాత్రం కథ ఆగిపోయి ప్రసంగం మొదలైంది. అక్కణ్నుంచి రెండు పేజీల్లో 'రక్షణ' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కపెట్టాను. ఒక్కచోట కూడా అది నా కళ్లకు కనబడలేదు.

ఆదివారం బడి నుంచి నోట్లో నానిన మాట కదా, మనకు దాని బరువు తెలియడం మానేసింది. గుడి బయట చూడు. పేపర్లో రక్షణ శాఖ ఉంది, చంటిపిల్లల మెడలో రక్షరేకు ఉంది. మా ఎదురింటి మామ్మ మనవరాలికి నీళ్లు పోశాక చివరి చెంబుడు నీళ్లు చుట్టూ తిప్పి 'శ్రీరామరక్ష' అంటుంది. ఆ మామ్మ గొంతులో ఉన్న ఆత్రం నీ పదకొండు మాటల్లో ఎక్కడా లేదమ్మా.

ఒకచోట 'మోక్షం' అని కూడా రాశావు. ఆ మాట వినగానే మనవాళ్లకు మళ్లీ పుట్టే పని లేకపోవడమే తోస్తుంది. బేత్లెహేములో జరిగిందేమో యేసు పుట్టుకే. లూకా సువార్తలో సిమెయోను చూడు. క్రీస్తు కోసం ఎదురుచూస్తున్నవాడు. దేవాలయానికి తెచ్చిన పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుని 'నీ రక్షణ నేను కన్నులార చూచితిని' అన్నాడు. అప్పటికి ఏం జరిగిందని? ఒక్క బోధ లేదు, ఒక్క స్వస్థత లేదు, సిలువ ముప్పై ఏళ్ల అవతల ఉంది. చేతుల్లో ఉన్నది పాలు తాగే బిడ్డ. ఆ బిడ్డనే ఆయన 'నీ రక్షణ' అన్నాడు. నా నలభై ఏళ్ల రాతలో ఆ ఒక్క వాక్యాన్ని దాటి పోలేకపోయాను.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మీరు నెల్లూరులో ఉన్నారు. మేమంతా మిద్దె మీద గడిపాం. తెల్లవారాక జాలర్లు పడవ తెచ్చారు. వాళ్లలో ఒకతను రొమ్ముదాకా నీళ్లలో దిగి మా గోడ పక్కన నిలబడ్డాడు. పక్కింటి కోడలికి నెల తిరగని బిడ్డ. అన్నం వండే పెద్ద గుండిగలో పాత నేత చీర ముక్కలు పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టి కిందికి అందించాం. గుండిగ అంచుకు ముందురోజు గంజి ఎండి అంటుకునే ఉంది. అతను దాన్ని రెండు చేతులా నెత్తికెత్తుకుని, అలాగే పడవ దాకా నడిచాడు. యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి కూడా తిండి పెట్టే పాత్రే కదా, పొత్తిగుడ్డలంటే ఇవే కదా అని నాకు వారం తర్వాత తట్టింది. నీ కథలో తొట్టి మరీ శుభ్రంగా ఉంది. గడ్డిపోచ గుచ్చుకోనీ.

ఒక్క మాట మాత్రం నువ్వు తీసేశావు. చదివేవాళ్లు నొచ్చుకుంటారని కాబోలు. దూత యోసేపుతో 'తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును' అన్నాడు. రోమా పాలన నుంచి రక్షిస్తాడని అనలేదు. క్రీ.పూ. 9 నాటి ప్రియేనె నగరపు శాసనం రోమా చక్రవర్తి ఔగుస్తు కైసరునే రక్షకుడంటుంది, అతని పుట్టినరోజునే లోకానికి శుభవార్తల మొదలంటుంది. అలాంటి కాలంలో 'పాపములనుండి' అన్న మాట ఎవరి చెవిన పడిందో ఆలోచించు. తనకు ప్రధానం చేసిన మరియ గర్భవతి అని తెలిసి, తప్పు చేసిందనుకుని, రహస్యంగా విడిచిపెడదామని నిర్ణయించుకుని పడుకున్నవాడి చెవిన. ఆ రాత్రి యోసేపు మనసులో ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో! నీ కథ అక్కడ మొదలుపెట్టకూడదూ?

బేత్లెహేములో మగపిల్లలను చంపించిన హేరోదు రాజును కూడా వదిలేశావు. నొప్పిగా ఉంటుంది, నాకు తెలుసు. బేత్లెహేము పిల్లలను ఎవరూ కాపాడలేదు. రక్షకుణ్ణే ఎత్తుకుని వాళ్ల నాన్న రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవలసి వచ్చింది. దీనికి జవాబు రాయమని అడగను, నా దగ్గరా లేదు. ఆ తల్లుల ఏడుపును మాత్రం కథలోంచి బయటికి నెట్టకు. మత్తయి తన సువార్తలోంచి నెట్టలేదు.

వాక్యభాగాలు బైబిల్లో ఉన్నట్టే ఉంచు, గ్రాంథికమని మార్చకు. చివరి పేరా మొత్తం కొట్టెయ్యి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తిరగరాసింది పట్టుకుని ఇంటికి రా. మీ పెద్దమ్మ కర్జికాయలు చేస్తానంటోంది. ఆ బిడ్డ ఇప్పుడు మా వీధిలో సైకిలు తొక్కుతోంది. గుండిగ వాళ్లింట్లో ఇంకా ఉంది, అడిగి చూపిస్తాను.

మీ పెదనాన్న