కోల్‌స్లా (మయోనైజ్ కలిపిన క్యాబేజీ సలాడ్) మర్నాటికి నీళ్లెందుకు వదులుతుంది?
తప్పు మయోనైజ్‌ది కాదు, క్యాబేజీది. దాని బరువులో 90 శాతానికి పైగా నీరే. డ్రెసింగ్‌లోని, అంటే క్యాబేజీకి కలిపే మయోనైజ్ మిశ్రమంలోని ఉప్పు, పంచదార ఆ నీటిని ముక్కల్లోంచి బయటికి లాగుతాయి. చిక్కటి మయోనైజ్ కాస్తా పల్చబడి గిన్నె అడుగున చేరుతుంది.

అందుకే ఆ నీటిని ముందే తీసేయాలి. సన్నగా తరిగిన కిలో క్యాబేజీకి 2 చెంచాల ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో గంటసేపు వదిలేయండి. తర్వాత చన్నీళ్లతో కడిగి, పలుచని గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఈ పిండడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు! డ్రెసింగ్‌లో ఇక ఉప్పు రుచి చూశాకే వేయాలి.

మర్నాటికి కావాలంటే క్యాబేజీని, డ్రెసింగ్‌ను విడివిడిగా ఫ్రిజ్‌లో ఉంచి, తినే ముందు కలుపుకోవడం ఇంకా మేలు. కలిపినది ఫ్రిజ్‌లో 3 రోజులు బాగానే ఉంటుంది. బయట 2 గంటలు దాటితే పారేయండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టవద్దు, మయోనైజ్ విరిగిపోతుంది.