ఆరు రాత్రుల అండమాన్: వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌ని చివరికి ఉంచుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జనవరిలో ఆరు రాత్రులు అండమాన్, మీరిద్దరూ, ఏడేళ్ల పాప, మీ అమ్మగారు. ముందు మూడు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లో సముద్రం కనిపించే హోటల్లో, తర్వాత మూడు రాత్రులు హేవ్‌లాక్ ద్వీపంలో బీచ్ రిసార్టులో ఉండి, ఏడో రోజు పొద్దున్న బోటెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి మధ్యాహ్నం విమానం పట్టుకుంటారు. ఈ లెక్క బాగుందా అని అడిగారు. బాగోలేదండీ. ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే అచ్చం ఇదే లెక్క మేమూ వేసుకుని వెళ్లి విమానం పోగొట్టుకున్నాం.

ముందు మూడు రాత్రుల సంగతి. మేముండేది ఎంవీపీ కాలనీలో, స్కూటీ తీస్తే పది నిమిషాల్లో సముద్రం. మీరూ వైజాగే అన్నారు కాబట్టి చెప్తున్నాను, సముద్రం పక్కన ఊరు, రోడ్డుకి ఒక పక్క హోటళ్లు, ఇంకో పక్క అలలు, సాయంత్రమైతే ముంత మసాలా బళ్లు, ఇవి చూడ్డానికి మనం విమానమెక్కి వెళ్లక్కర్లేదు. హైదరాబాదు వాళ్లకి పోర్ట్‌బ్లెయిర్ మెరీనా పార్కు దగ్గర నిలబడితే ప్రాణం లేచొస్తుందేమో గానీ, మా అత్తగారు అక్కడ ఐదు నిమిషాలు నిలబడి "ఏటమ్మా, మన ఆర్కే బీచ్ కంటే చిన్నగా ఉంది" అనేశారు. కార్బిన్స్ కోవ్ బీచ్ ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరం, కొబ్బరిచెట్లతో ముచ్చటగానే ఉంటుంది, కానీ మొసళ్లున్నాయి జాగ్రత్త అనే బోర్డు చూశాక మా వాడు నీళ్లలో కాలు పెట్టనన్నాడు. అంచేత బీచ్ కోసమని పోర్ట్‌బ్లెయిర్‌లో సీ వ్యూ రూముకి అదనంగా కట్టకండి. మేం కట్టాం. కిటికీలోంచి కనిపించింది సగం సముద్రం, సగం పక్క హోటలు నీళ్ల ట్యాంకులు.

అలాగని పోర్ట్‌బ్లెయిర్‌ని దాటేసి పొమ్మనడం లేదు. ఆ ఊరికి వెళ్లేది సెల్యులార్ జైలు కోసం. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు, నక్షత్రంలా ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్కలోని గది ముందు భాగం పక్క రెక్క వీపు వైపుకి ఉండేలా కట్టారు, ఒక ఖైదీ ఇంకో ఖైదీ ముఖం చూడకుండా. ఇది పుస్తకంలో చదివినప్పుడు ఏమీ అనిపించలేదు, ఆ వరండాలో నిలబడి ఊచల్లోంచి ఎదుటి గోడ చూశాక తెలిసింది. మన వాళ్లూ ఉన్నారక్కడ. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడ్డ వెంకటాచారి (ఇంటిపేరు ప్రతివాది భయంకర) కూడా ఇక్కడే ఉన్నారు. ఈ రెండు పేర్లూ పాపకి ముందే చెప్పి తీసుకెళ్లండి, మా వాడికి మేం చెప్పకుండా తీసుకెళ్తే వాడు పావురాల్ని లెక్కపెట్టుకున్నాడు.

జైలుకి ఒక పూట, పక్కనే పడవెక్కితే వచ్చే రాస్ ద్వీపానికి ఒక పూట. బ్రిటిష్ వాళ్ల బంగళాలూ చర్చీ కూలిపోయి, గోడల్ని చెట్ల వేళ్లు చుట్టేసుకుని ఉంటాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. మా అత్తగారికి అండమాన్ మొత్తంలో నచ్చింది ఇదే. అంటే పోర్ట్‌బ్లెయిర్‌కి ఒకటిన్నర రోజు చాలు, రెండు రాత్రులంటే తీరిగ్గా సరిపోతుంది, మూడో రాత్రి దండగ.

బారాటాంగ్ గురించి కూడా ఎవరో చెప్పారన్నారు. సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం. అర్ధరాత్రి దాటాక లేచి, జారవాలనే ఆదివాసీల అడవి గుండా కాన్వాయ్‌లో వెళ్లాలి, దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. పెద్దావిడతో, ఏడేళ్ల పిల్లతో వద్దు.

ఇక అసలు సంగతి, వరస. మేం ఏడో రోజు పొద్దున్న హేవ్‌లాక్ జెట్టీకి సామాను మోసుకుని చేరేసరికి గాలి ఎక్కువగా ఉందని మా బోటు రద్దు చేశారు. డిసెంబరు రెండో వారం. ఆకాశం చూస్తే ఎండ కాస్తోంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతోంది, ఎవర్ని అడిగినా "చూద్దాం సార్, మధ్యాహ్నం తెలుస్తుంది" అంటారు. మా ఆయన ఫోను చెవికి అతికించుకుని అటూ ఇటూ తిరగడం, మా వాడు సూట్‌కేసు మీద పడుకోవడం, మా అత్తగారు జపమాల తియ్యడం, నాకు మాత్రం ఒకటే టెన్షన్, ఒంటిగంట విమానం. చివరికి సాయంత్రం ప్రభుత్వ ఫెర్రీలో చోటు దొరికింది, ఊరు చేరేసరికి రాత్రి. విమానం ఎప్పుడో పోయింది. ఆ రాత్రి జెట్టీ దగ్గర లాడ్జీలో పడుకుని మర్నాడు కొత్త టికెట్లు కొన్నాం, ఆ డబ్బుతో రిసార్టులో హాయిగా ఇంకో రెండు రాత్రులు ఉండేవాళ్లం. తప్పు బోటు వాళ్లది కాదు, అలాంటి గాలిలో బోటు తీయకపోవడమే మంచిది. విమానం ఉన్న రోజే సముద్రం దాటాలనుకోవడం మా తప్పు.

నవంబరు, డిసెంబరులో అక్కడ అల్పపీడనాలు మామూలే. 2016 డిసెంబరులో, వర్దా తుపానుకి ముందు, హేవ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యిమందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. మన హుద్‌హుద్ కూడా 2014 అక్టోబరులో ముందు అండమాన్ మీదుగా దాటుకునే మన మీదకి వచ్చింది కదా, నాలుగు రోజుల తేడా. జనవరిలో సముద్రం చాలా నెమ్మదిగా ఉంటుంది, మీకు మాలా జరక్కపోవచ్చు. అయినా నాలుగు టికెట్ల డబ్బుతో జూదం ఎందుకు?

కాబట్టి తిరగేయండి. మొదటి రోజే హేవ్‌లాక్ వెళ్లిపోండి, అక్కడ నాలుగు రాత్రులు, తర్వాత పోర్ట్‌బ్లెయిర్‌కి వచ్చి రెండు రాత్రులు. విమానం పొద్దున్న దిగితేనే మొదటి రోజు మధ్యాహ్నం బోటు కుదురుతుంది, పన్నెండు దాటాక దిగే విమానమైతే ఆశ పెట్టుకోకండి, ఒక రాత్రి ఊళ్లో పడుకుని తెల్లారి బోటెక్కండి, అప్పుడు లెక్క ఒకటి, మూడు, రెండు అవుతుంది. ప్రైవేటు ఫెర్రీ అయితే గంటన్నర, రెండు గంటలు పడుతుంది, ప్రభుత్వానిది ఇంకాస్త ఎక్కువ. మేం ప్రైవేటుకి మనిషికి ఒక వైపు పదిహేను వందల పైన పెట్టాం. టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడకండి, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం, హేవ్‌లాక్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్. ఊళ్లో మాత్రం అందరూ పాత పేర్లే అంటున్నారు, నాకూ అదే అలవాటైంది.

ఊరిని చివర పెట్టడానికి ఇంకో కారణం మీవారు చేయాలనుకుంటున్న స్కూబా డైవింగ్. నీళ్లలో లోతుకి వెళ్తే ఒత్తిడికి నత్రజని రక్తంలో కరుగుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి, ఈలోపు విమానమెక్కితే పైన ఒత్తిడి తగ్గి బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్కసారి డైవ్ చేస్తే 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలంటారు, మాకు నేర్పిన అబ్బాయి 24 అని గట్టిగా చెప్పాడు. హేవ్‌లాక్ ముందు అయిపోతే ఈ గంటల లెక్కే అక్కర్లేదు. పాపకి ఏడేళ్లే కాబట్టి డైవింగ్ కుదరదు, పదేళ్లుండాలి. హేవ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో తీసుకెళ్లి ట్యూబు పట్టుకుని నీళ్లలోకి ముఖం పెట్టి చూడనివ్వండి, నడుంలోతు నీళ్లలోనే రంగురంగుల చేపలు. మా వాడు పైకి లేచి "అమ్మా, చేపల మార్కెట్టు!" అని అరిచాడు, మన వైజాగ్ పూర్ణా మార్కెట్టు చూసిన పిల్లాడు మరి.

రిసార్టు ఎక్కడ తీసుకోవాలన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సింది అదే. హేవ్‌లాక్‌లో రిసార్టులు ఎక్కువగా తూర్పు వైపు, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచుల వెంట ఉంటాయి, వాళ్ల ఫొటోల్లో నీళ్లు గుమ్మం దాకా వచ్చి ఉంటాయి. అది పోటు వేళ తీసిన ఫొటో. ఆటుకి నీళ్లు ఎంత వెనక్కి పోతాయంటే మిగిలేది రాళ్లూ చచ్చిన పగడాలే, ఈత మాట మర్చిపోవచ్చు. రూము బుక్ చేసే ముందు మీరు వెళ్లే తేదీల్లో పోటు ఏ వేళకి వస్తుందో అడగండి, జవాబు చెప్పలేని వాళ్ల దగ్గర తీసుకోకండి. పడమటి వైపున్న రాధానగర్ బీచ్ దగ్గర ఈ గొడవ తక్కువ, కానీ ఆ వైపు ఉన్న కొద్ది రిసార్టులూ ఖరీదు. మేం తూర్పు వైపే ఉండి రోజూ మధ్యాహ్నం ఆటోలో రాధానగర్ వెళ్లాం, పన్నెండు కిలోమీటర్ల లోపే.

ఆ రాధానగర్ దగ్గర మాత్రం నా నోరు మూతపడింది. 2020లో దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచులకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన ఎనిమిది బీచుల్లో అదొకటి, మన రుషికొండ ఇంకొకటి, కాబట్టి ఏముంటుందిలే అనుకునే వెళ్లాను. అడవి దాటగానే పిండిలాంటి తెల్లటి ఇసక, కెరటం ఎక్కడ మొదలైందో తెలియనంత నెమ్మది. మనకి అలవాటైన సముద్రం కాళ్ల కింద ఇసక లాగేసేది, అక్కడ నీళ్లలోకి ఎంతో దూరం నడుచుకుంటూ పోవచ్చు. లైఫ్‌గార్డు ఈల వేస్తే మాత్రం బయటికి రండి, అక్కడా మొసలి హెచ్చరికలున్నాయి. ఇంకో సంగతి, పుట్టినప్పట్నుంచీ మనం సముద్రంలోంచి సూర్యుడు రావడమే చూశాం, మునగడం చూడలేదు. రాధానగర్ పడమటి ఒడ్డు. మేం వెళ్లినప్పుడు ఐదు దాటగానే, ఎర్రగా అయిపోయి, సముద్రంలోకి దిగిపోయాడు. అప్పటిదాకా కాళ్లనొప్పులంటున్న మా అత్తగారు లేచి దణ్ణం పెట్టుకున్నారు. అక్కడ చాలా త్వరగా చీకటి పడుతుంది, టైమేమో మన ఇండియా టైమే, కాబట్టి నాలుగింటికల్లా బీచ్ మీద ఉండండి, మన వైజాగ్ లెక్కన ఆరింటికి బయల్దేరితే చూసేది చీకటే.

నాలుగు రాత్రులూ రిసార్టులో విసుగు రాదా అంటారేమో. పిల్లలకి రాదు, పెద్దవాళ్లకి వస్తుంది. మూడో రోజుకి మా అత్తగారికి ఆ ప్రశాంతత నచ్చడం మానేసింది, మాట్లాడ్డానికి మనుషుల్లేరు, అక్కడి పల్లెలన్నీ తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లవి, భాష రాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో అయితే ఆవిడ రాణి. 2011 లెక్కల ప్రకారమే అండమాన్‌లో వందకి 13 మంది మాతృభాష తెలుగు, అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లినవాళ్లే. మా ఆటో అతను అద్దంలోంచి చూసి "వైజాగా అండి? మాది టెక్కలండి, మా తాతగారి కాలంలోనే వచ్చేసినాం" అన్నాడు, ఇక ఆవిడ ఆటో దిగితే ఒట్టు. అందుకే చివరి రెండు రాత్రులకి హోటలు అబర్దీన్ బజారు దగ్గర తీసుకోండి, జైలు దగ్గర, టిఫిను దగ్గర, మీ అమ్మగారు నడిచి తిరగొచ్చు. సముద్రం కనిపించకపోయినా ఫర్వాలేదు.

ఓడ గురించి: మన పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ ఉన్న మాట నిజమే, కానీ నెలకి ఒకటి అన్నట్టుగా ఉంటుంది, రెండు రోజుల పైనే ప్రయాణం. ఆరు రాత్రుల సెలవు పెట్టుకుని దాని జోలికి వెళ్లకండి. హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఊళ్లోనే డబ్బు తీసుకోండి. పాప గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుంటుంది, ఫొటో తీసి అక్కడే వదిలేయించండి. తీసుకురావడం నేరం, విమానాశ్రయంలో మా వాడి బ్యాగులోంచి స్కాన్‌లో పగడం ముక్క బయటపడి వాడు ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు.

బుక్ చేసే వరస కూడా చెప్పేస్తాను, ముందు విమానం, వెంటనే ఫెర్రీ, ఆ తర్వాతే రిసార్టు. జనవరి కాబట్టి ఫెర్రీ సీట్లు త్వరగా అయిపోతాయి. మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు. జైలు పైకి వెళ్లడానికి మెట్లే, బోటు ఎక్కేటప్పుడూ ఒక్కోసారి పెద్ద అడుగు వేయాలి. ఆవిడకి కష్టమైతే చెప్పండి, రాస్ ద్వీపం ఎలా తిప్పాలో మేం చేసినట్టు రాస్తాను.