‘కనబడలేదు’ వేరు, ‘లేదు’ వేరు

తమ్ముడికి,

ఛాతీలోని గడ్డకు చేసే సూది బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘రిపోర్టు నెగెటివ్ వస్తే క్యాన్సర్ లేనట్టే.’ అది కొట్టెయ్యి.

సూదికి చిక్కేది సన్నని దారప్పోగంత ముక్క. గడ్డ మధ్యభాగం చచ్చుబడి ఉంటే ఆ ముక్కలో బతికున్న కణాలే ఉండకపోవచ్చు. ఊపిరితో గడ్డ కదిలితే సూది పక్కనున్న వాపులోకి దిగొచ్చు. అందుకే ఆ ముక్కను పరీక్షించే పాథాలజిస్టు ‘క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అని రాస్తారు. క్షయ అనో ఫంగస్ అనో కారణం స్పష్టంగా తేలితే నిశ్చింత చాలావరకు దొరికినట్టే. ఏదీ తేలకుండా, స్కాన్‌లో అనుమానం అలాగే ఉంటే మళ్లీ బయాప్సీయో, కొన్నాళ్లకు మరో స్కానో, ఆపరేషనో తప్పదు. పాజిటివ్ వస్తే మాత్రం అది తప్పయ్యే సందర్భాలు బహు అరుదు.

సీటీ స్కాన్ చూస్తూ చేసే ఈ పరీక్ష, క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 90 మందిలో దాన్ని పట్టుకుంటుంది. నువ్వు ఆ 90 మందికే రాశావు. నేనూ ఒకప్పుడు ధైర్యం చెబుదామని ఇలాగే రాశాను. అది చదివి, నెగెటివ్ వచ్చిందిగా అని మళ్లీ చూపించుకోని ఒకావిడ తర్వాత నాకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

‘చిన్న చిన్న ఇబ్బందులు’ అన్నావే, వాటిని విప్పి చెప్పు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం సుమారు ఐదుగురిలో ఒకరికి జరుగుతుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కొద్దిమందికి ట్యూబు వేయాలి. ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలిగదులు దెబ్బతినే జబ్బు) ఉన్నా, గడ్డ చిన్నదై లోతుగా ఉన్నా ముప్పు పెరుగుతుంది. ఛాతీ గోడకు ఆనుకున్న గడ్డైతే సూది గాలి నిండిన భాగాన్ని దాటనక్కర్లేదు, చాలాసార్లు సీటీ బదులు అల్ట్రాసౌండ్ చూస్తూ చేసినా సరిపోతుంది. రక్తనాళంలోకి గాలి బుడగ వెళ్లడం అత్యంత అరుదు, కానీ ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని దాచకు, శీర్షికకూ ఎక్కించకు.

ఇంకొకటి. ఇంటికెళ్లాక ఆయాసం వచ్చినా, ఛాతీనొప్పి పెరిగినా, దగ్గితే రక్తం ఎక్కువగా పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని నువ్వెక్కడా రాయలేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలని, సొంతంగా ఆపకూడదని కూడా రాయలేదు. ఈ రెండూ మొదటి పేరాలోకి తెచ్చి, దిద్దిన ప్రతి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య