నాన్న హోటల్ రూములోనే ఉంటానంటున్నారు

ప్రశ్న: మావారికి 47 ఏళ్లు. రెండేళ్ల క్రితం ప్రమాదంలో కుడి తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు కానీ పావుగంటకు మించి నిలబడలేరు. అబ్బాయికి 16, అమ్మాయికి 13. పెద్ద థీమ్ పార్కుకు తీసుకెళ్లమని ఈ ప్రమాదానికి ముందు నుంచీ అడుగుతున్నారు. ఈ సెలవుల్లో మూడు రోజులు వెళ్దామనుకున్నాం. మాటల మధ్యలో అబ్బాయి, "నాన్న వస్తే ఇంక మనం ఏమెక్కుతాం, బెంచీల మీద కూర్చుని రావడమే" అన్నాడు. ఆయన విన్నారు. అప్పటి నుంచి "మీ ముగ్గురూ వెళ్లండి, నేను హోటల్ రూములో ఉంటాను" అంటున్నారు. వీల్‌చైర్ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నారు. అమ్మాయి మాత్రం బంగారం, "నాకు రైడ్లు వద్దులే, నాన్న పక్కన కూర్చుంటా" అంటోంది. ఆయన్ని వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పడం లేదు. తీసుకెళ్తే పిల్లల సరదా పోతుందేమోనని భయం. అసలు ప్రయాణమే మానుకుంటే మంచిదా?

జవాబు: మానుకోకండి. ఒకవేళ మానుకోవాల్సి వచ్చినా ఇప్పుడే, ఈ కారణంతో వద్దు. ఇవాళ రద్దు చేస్తే ఎవరూ పైకి అనకపోయినా ఆ నష్టం ఆయన కాలి ఖాతాలో పడుతుంది. రేపు ఇంకో ప్రయాణం మాట వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనకముందే ఆయన తప్పుకుంటారు.

మీ ఉత్తరంలో అబ్బాయికి ఏం కావాలో ఉంది, అమ్మాయి ఏమంటోందో ఉంది, మీ భయాలున్నాయి. ఆయనకు ఏం కావాలో మాత్రం ఎక్కడా లేదు. "రూములో ఉంటాను" అన్నారు సరే, కానీ అది మీరు అడిగితే చెప్పింది కాదు, చెవిన పడిన మాటకు నొచ్చుకుని అన్నది. కాబట్టి ముందు అడగండి. పిల్లలు ఇంట్లో లేనప్పుడు, తీరిగ్గా, ఒకే ఒక్క ప్రశ్న: "మీకు రావాలని లేదా, మాకు అడ్డమవుతానని రానంటున్నారా?" ఈ రెండూ వేర్వేరు సంగతులు. ఆ రద్దీ, ఆ హోరు మూడు రోజులు నావల్ల కాదు అనే మనుషులు కాళ్లు బాగున్నవాళ్లలోనూ కావలసినంత మంది ఉన్నారు. ఆయన ఆ కోవలోనివారైతే బతిమాలకండి. ఆ ప్రశ్నకు మౌనమే జవాబైతే, రెండో సంగతే నిజమని నేననుకుంటాను. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ రెండో సందర్భానికే.

అబ్బాయి మాట మోటుగా ఉంది, అందులో అనుమానం లేదు. కానీ వాడు చెప్పిన లెక్కలో తప్పు లేదు. నలుగురూ పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకరి వెంట ఒకరు నడవాలి, అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగంతో అందరూ నడవాలి అనుకుంటే వాడు చెప్పినట్టే జరుగుతుంది. వాడు భయపడింది నాన్నను చూసి కాదు, ఆ ప్లానును చూసి. మీరూ మనసులో అదే ప్లాను వేసుకున్నారు కాబట్టే "తీసుకెళ్లడమా, వదిలేయడమా" అని రెండే దారులు కనిపిస్తున్నాయి.

నాన్న విన్నారన్న సంగతి వాడికి తెలుసా? తెలియకపోతే చెప్పండి. అంతే, అంతకు మించి ఏమీ అనకండి. మీ ఎదుట నిలబెట్టి క్షమాపణ చెప్పిస్తే తండ్రికీ కొడుకుకీ ఇద్దరికీ ఇబ్బంది. దానికి బదులు వాడికో పని అప్పగించండి. పేరున్న పార్కులు చాలావరకు నడక ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం తమ వెబ్‌సైటులో ప్రత్యేకంగా ఒక గైడు పెడతాయి. ఏ రైడ్ దగ్గర మెట్లున్నాయి, ఎక్కడ వీల్‌చైర్‌లోంచి దిగి సీటులోకి మారాలి, ఎక్కడ దిగకుండానే వెళ్లొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. దాన్నీ పార్కు మ్యాపునీ ముందేసుకుని నాన్నతో కూర్చోమనండి. ఆయన ఎక్కగలిగేవి ఏవో ఇద్దరూ కలిసి గుర్తు పెట్టాలి. పదహారేళ్ల మగపిల్లవాడు "సారీ నాన్నా" అనలేకపోవచ్చు గానీ, "నాన్నా, ఇది నువ్వు ఎక్కొచ్చు, చూడు" అనగలడు.

నాకు అబ్బాయి కన్నా అమ్మాయి గురించే ఎక్కువ దిగులుగా ఉంది. మీరు "బంగారం" అని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయారు. పదమూడేళ్ల పిల్ల ఇన్నేళ్లుగా అడుగుతున్న రైడ్లు ఉన్నట్టుండి వద్దంటోందంటే, ఇంట్లో ఎవరో ఒకరు తగ్గాలని తనే లెక్కగట్టి తన వాటా వదులుకుంటోందన్నమాట. ఒకసారి మెప్పు దక్కితే అది అలవాటవుతుంది. ఈ ప్రయాణంలోనే కాదు, చదువు విషయంలోనూ ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చినప్పుడూ ఇదే లెక్క వేస్తుంది. నాన్న పక్కన కూర్చోవడం తప్పేమీ కాదు, ఇష్టపడి ఒక గంట కూర్చోవచ్చు. మూడు రోజులు కాపలా కాయడం మాత్రం తన పని కాదు. ఆ మాట మీకన్నా ఆయన నోటి నుంచి వస్తేనే తనకు నమ్మకం కుదురుతుంది. "నువ్వు ఎక్కి వచ్చి ఎలా ఉందో చెప్పకపోతే నాకు బాగుండదు" అని తండ్రి అంటే చాలు.

ఇక ప్లాను సంగతి. రోజంతా కలిసి ఉండాలన్న పట్టు వదిలేయండి. రోజుకు రెండు మూడు గంటలు మాత్రం నలుగురూ కచ్చితంగా కలిసి ఉండేలా చూసుకోండి, మిగతా సమయంలో ఎవరి దారి వారిది. పెద్ద రోలర్ కోస్టర్ల దగ్గర పార్కు తెరిచిన మొదటి గంటలో క్యూలు తక్కువగా ఉంటాయి. పిల్లలకు అవే కావాలి కాబట్టి ఆ సమయం వాళ్లది. (ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పట్టి ఆలస్యంగా లేవడం శరీరధర్మం, పొద్దున్నే లేపితే విసుక్కుంటారు. రోలర్ కోస్టర్ కోసమైతే లేస్తారు.) ఆయన ఆ వేళకే రానక్కర్లేదు. నిదానంగా తయారై పదకొండింటికి రావచ్చు. అప్పుడు అందరూ కలిసి కూర్చుని చూసే షో ఒకటి, ఆయన ఎక్కగలిగే రైడ్లు రెండు. మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లి కాలు చాపుకుంటారు, పిల్లలు మళ్లీ తిరుగుతారు. సాయంత్రం ఊరేగింపు ఉంటే దానికి నలుగురూ కలవాలి. చాలా పార్కులు వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకు ఊరేగింపు చూసేందుకు వేరే చోటు కేటాయిస్తాయి, అది ముందే కనుక్కుని ఉంచుకోండి. అందుకే హోటల్ ఎంత బాగుంది అన్నదానికన్నా గేటుకు ఎంత దగ్గర అన్నది చూడండి. ఈసారి డబ్బు పెట్టాల్సింది దూరం తగ్గించడానికే.

పిల్లలిద్దర్నీ వదిలేయడం ఎలా అంటారేమో. నియమాలు పార్కును బట్టి మారతాయి. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 14 ఏళ్లు నిండినవాళ్లు పెద్దవాళ్లు లేకుండా లోపలికి వెళ్లొచ్చు, అంతకు తక్కువ వయసువాళ్ల వెంట 14 నిండినవారు ఒకరుండాలి. అంటే మీ అన్నాచెల్లెళ్ల జోడీ అక్కడ చెల్లుతుంది. మీరు వెళ్లే చోట ఎలాగో చూసుకోండి. ఫోను ఛార్జింగ్ అయిపోయినా దొరికేలా, కలుసుకునే చోటూ సమయమూ ముందే నోటితో చెప్పుకోండి.

మీరు కూడా ఎక్కండి. ఉత్తరంలో మీకేం కావాలో కూడా లేదు మరి.

వీల్‌చైర్ విషయంలో ఆయన లేచి వెళ్లిపోతున్నారన్నారు. వీల్‌చైర్‌లో కూర్చోవడమంటే కాలు ఇక బాగుపడదని ఒప్పుకోవడమని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. దాని గురించి వాదించకండి. ఒక లెక్క మాత్రం ముందు పెట్టండి: పెద్ద పార్కులో రోజంతా తిరిగితే పది కిలోమీటర్లు దాటడం మామూలు విషయం. అంతకన్నా కష్టం క్యూ. ఆయనకు నడక కన్నా నిలబడడమే కష్టమని మీరే రాశారు, క్యూలో చేసేదంతా నిలబడడమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా రెండో రోజుకు కాళ్లు పట్టేస్తాయి. కాబట్టి ఇది "నడవగలరా, లేదా" అన్న ప్రశ్నే కాదు. ఉన్న ఓపికను దారిలో ఖర్చు చేయాలా, పిల్లలతో ఉన్నప్పుడు ఖర్చు చేయాలా అన్నది ఆయనే తేల్చుకుంటారు. కర్ర వెంటే ఉంటుంది, దిగాలనుకున్నచోట దిగి నడుస్తారు.

ఒకరు తోస్తే కూర్చోవడం ఇష్టం లేకపోతే నడక ఇబ్బంది ఉన్నవాళ్లు కూర్చుని తామే నడుపుకునే చిన్న బ్యాటరీ స్కూటర్లు ఉంటాయి. చాలామంది మగవాళ్లు వీల్‌చైర్‌కు ఒప్పుకోకపోయినా దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే హ్యాండిల్ తమ చేతిలో ఉంటుంది. అయితే రెండు జాగ్రత్తలు. పార్కు గేటు దగ్గర అద్దెకిచ్చేవి ముందు వచ్చినవారికే ఇచ్చి, అయిపోయాయనడం మామూలు. బయటి నుంచి హోటల్‌కే తెప్పించుకునే వీలుంటే ముందుగా చెప్పి ఉంచండి. కొన్ని రైడ్ల దగ్గర స్కూటర్ లోపలికి రానివ్వరు, అక్కడ మామూలు వీల్‌చైర్‌లోకి మారాలి.

వీల్‌చైర్ ఉంటే క్యూ దాటించేస్తారని చాలామంది నమ్మకం. అలా అనుకుని వెళ్తే అక్కడ గొడవవుతుంది. డిస్నీనే చూడండి. దుర్వినియోగం జరుగుతోందన్న ఫిర్యాదులతో అమెరికా పార్కుల్లో పాత సహాయక కార్డును 2013లో తీసేసి కొత్త పద్ధతి పెట్టారు. దాన్ని కూడా 2024లో బిగించి, ఆటిజం వంటి ఎదుగుదల సంబంధ సమస్యల వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివారికే ప్రధానంగా పరిమితం చేశారు. నడక ఇబ్బంది ఉన్నవాళ్లు వీల్‌చైర్‌తోనే మామూలు క్యూలో వెళ్లాలి, చాలా క్యూలు అందుకు తగ్గ వెడల్పుతోనే ఉంటాయి. దారి ఇరుకుగా ఉన్న పాత రైడ్ల దగ్గర వేరే ద్వారం చూపించి, అప్పటి క్యూ ఎంతసేపో అంతసేపటి తర్వాత రమ్మంటారు. అంటే కూర్చుని వేచి ఉండొచ్చు గానీ, వేచి ఉండక తప్పదు. మీరు వెళ్లే పార్కు పద్ధతి వేరే కావచ్చు, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వీల్‌చైర్‌లోంచి సీటులోకి ఎత్తి కూర్చోబెట్టే పని సాధారణంగా సిబ్బంది చేయరని కూడా గుర్తుంచుకోండి. మీవారు కర్రతో లేవగలరు కాబట్టి అది పెద్ద చిక్కు కాదు.

ఏ రైడ్ ఎక్కొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. "థీమ్ పార్కుకు వెళ్లొచ్చా" అని అడిగితే "జాగ్రత్తగా వెళ్లండి" అంటారు, అది ఎందుకూ పనికిరాదు. రైడ్ల పేర్లూ వీడియోలూ తీసుకెళ్లండి. ఒళ్లో పడే ఇనుప బారు చాలా రైడ్లలో సరిగ్గా తొడల మీదే బిగుస్తుంది, ఆ సంగతి విడిగా అడగండి. కుదుపులున్నవీ కాళ్లు గాల్లో వేలాడేవీ విడిగా అడగండి.

టికెట్లు కొనేలోపు ఒక సగం రోజు రిహార్సల్ చేయండి. జూ పార్కో, పెద్ద మ్యూజియమో, ఏదైనా సరే. స్కూటరో వీల్‌చైరో అద్దెకు తీసుకుని, పిల్లలను వాళ్ల దారిన పంపి, గంట తర్వాత కలుసుకుని చూడండి. ఆ రోజు ఆయన గడియారం చూసి కూర్చోవాలి. నొప్పి వచ్చాక కూర్చుంటే ఆలస్యమైనట్టే, నొప్పి లేకపోయినా నియమం ప్రకారం విశ్రాంతి తీసుకోవాలని ఫిజియోథెరపీలో నేర్పిస్తారు. ఎంత సేపటికి ఎంత విశ్రాంతి కావాలో ఆ సగం రోజులో తేలిపోతుంది. మొదటిసారి వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు నలుగురూ చూస్తున్నారన్న బెరుకు కూడా అక్కడే కొంత వదులుతుంది, పిల్లలకు కూడా. ఈ వయసు పిల్లలు లోకమంతా తమనే చూస్తోందనుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లోనే రాశాడు. మీ అబ్బాయి రెండడుగులు ముందు నడిస్తే ప్రేమ లేదని అర్థం తీయకండి.

అక్కడ మూడు రోజులకూ ఒకే నియమం పెట్టుకోండి: ఇంకా ఓపిక ఉండగానే బయటికి వచ్చేయాలి. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల చేత చల్లటి నీళ్లలో ఒకసారి నిమిషం పాటు చేయి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, ఆపైన మరో అర నిమిషం, ఆ చివర్లో మాత్రం నీళ్ల చలి కాస్త తగ్గించారు. ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది పొడుగ్గా సాగినదాన్నే ఎంచుకున్నారు. జ్ఞాపకంలో మొత్తం వ్యవధి కన్నా చివర ఎలా గడిచిందన్నదే ఎక్కువ నిలుస్తుందని దాని సారాంశం. రాత్రి బాణసంచా దాకా ఉండాలని పట్టుబట్టి, పళ్లు బిగించుకున్న నాన్నతో, కస్సుబుస్సులాడే పిల్లలతో గేటు దాటితే ఆ రోజంతా అలాగే గుర్తుంటుంది. బాణసంచా చూడాలని పిల్లలకు మరీ ఉంటే మూడో రోజుకు పెట్టుకోండి, ఆ మధ్యాహ్నమంతా ఆయన విశ్రాంతి తీసుకుంటారు.

ఇవన్నీ అయ్యాక కూడా "నేను రాను" అంటే, ఆయన్ని ఇంటి దగ్గరే ఉండనివ్వండి, హోటల్ రూములో వద్దు. గోడ అవతల అందరూ ఆడుకుంటుంటే మూడు రోజులు గదిలో కూర్చోవడం శిక్ష. మీ ముగ్గురూ వెళ్లండి, గంటకోసారి ఫోను చేసి "బాధపడుతున్నారా" అని అడగకండి. నలుగురికీ సరిపడే ప్రయాణం ఇంకోటి ఆయనను ఎంచమనండి, దాని తేదీ మీరు బయలుదేరకముందే ఖాయం చేసుకోండి. వస్తానంటే మాత్రం, రిహార్సల్ అయ్యేదాకా ఆగి, తేదీ మార్చుకునే వీలున్న టికెట్లే కొనండి.